సెన్సే తాగే బుగ్గ నీళ్ళు

షిగెనో తన జడపిన్నును సుత్తితో బాది, పలచని వెండిరేకు చేసి తెచ్చిన రోజే నాకర్థమైంది, ఈ పిల్ల మమ్మల్ని ప్రశాంతంగా ఉండనివ్వదని.

అప్పట్లో క్యోటోలో పరమాణు కేంద్రకం మీద పనిచేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. అడ్డు చెప్పినవాళ్ళందరితో పోట్లాడి ఆమెను లోపలికి తెచ్చింది ప్రొఫెసర్ ఇనాగాకి. ఆయన్ను మేమంతా సెన్సే, అంటే గురువుగారూ అని పిలిచేవాళ్ళం.

షిగెనో ప్రయోగం వినడానికి తేలికే. న్యూట్రాన్లు తగిలిన వెండిరేకును, రేడియోధార్మికతను పసిగట్టే లెక్కగొట్టం పక్కన పెడితే, గొట్టం టకటకమంటుంది. కొద్ది నిమిషాల్లో ఆ జోరు తగ్గి, గొట్టం నోరు మూసుకోవాలి. అలా మూసుకుంటేనే ఆమె చెప్పింది నిజం. ఆ మధ్యాహ్నమే టోక్యో నుంచి సైన్సు పెద్దలు చూడటానికి వస్తున్నారు. గొట్టమేమో ఆగనంటోంది.

"రేకు తీసేసినా వాగుతోందేంటి దీని దుంపతెగ!" అని తల పట్టుకున్నాను.

"వాళ్ళ ముందు ఇలాగే వాగిందనుకో కుజుమీ, నన్నే కాదు, నా తర్వాత ఏ ఆడపిల్లనీ ఈ గడప తొక్కనివ్వరు," అంది షిగెనో. నాకు జాలేసింది.

అంతలో సెన్సే వచ్చి మా బల్ల కింద నుంచి తన సీసా తీశారు. అవి రేడియం కలిసిన ఊటబుగ్గ నీళ్ళు. కడుపుకు మంచివని వాళ్ళావిడ కొండల నుంచి తెప్పిస్తుంది. పెద్దవాళ్ళు పోసింది వద్దనడం మాలో లేదు, పొద్దున్నే షిగెనో తప్ప అందరం గుటకేశాం. రోజూ రేడియంతో కుస్తీ పట్టే మాకు ఆ సీసా మీద అనుమానమే రాలేదు. సెన్సే సీసా కదా మరి!

"పొద్దున నువ్వు తాగలేదు. పట్టమ్మా," అంటూ గిన్నె నింపి ఇచ్చారు.

షిగెనో రెండు చేతులా అందుకుని, నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. వంగి, గిన్నెను గొట్టం పక్కన పెట్టింది. టకటకలు వడగళ్ళ వానలా మొదలయ్యాయి. నేను నేలచూపులు చూశాను.

"క్షమించండి సెన్సే. తప్పు నా వెండిది కాదు."

సెన్సే చెవులు ఎర్రబడ్డాయి. అంతలోనే పగలబడి నవ్వారు. "నా కడుపు కోసం నీ కడుపు కొట్టానన్నమాట! ఇదిగో, సీసా బయటికి తీసుకుపోతున్నా."

"మీరు కూడా బయటే ఉండాలి సెన్సే. ఆ నీళ్ళ నుంచి లేచే రేడియం వాయువు ఇప్పుడు మీ ఊపిరిలోనూ ఉంటుంది. తాగినవాళ్ళందరూ వెళ్ళాలి."

"మరి పెద్దల ముందు ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

కిటికీలన్నీ బార్లా తెరిచి, మమ్మల్ని మంచులోకి తరిమింది. టోక్యో పెద్దలు లోపలికి వెళ్ళారు. సెన్సే చెట్టు పక్కన నిలబడి, చలికి వణుకుతూ చెవి రిక్కించారు. టకటకలు జోరుగా మొదలై, నెమ్మదించి, సన్నగిల్లాయి. తర్వాత ఎప్పుడో ఒక టక్కు. గొట్టం నోరు మూసుకుంది.

సెన్సే నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఆయన కళ్ళు తడిశాయి.

"విన్నావట్రా కుజుమీ? ఏమీ వినబడటం లేదు!"