నాలుగు నిమిషాల ఫైలు

కార్డు తీసేముందు కాపీ పూర్తయిందో లేదో చూసుకోండి మహాప్రభో అని, నందిగామలో నా సెల్ షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్తా. చెప్పేవాడికి బుద్ధుండొద్దూ! నా భార్య రాజ్యశ్రీ చనిపోయిన నెల రోజులకి, పాత ఫోన్లో మిగిలిన మా ఇద్దరి ఒకే ఒక్క కాల్ రికార్డింగుని మెమరీ కార్డుకి కాపీ పెట్టి, ఇంతలో బేరం తగిలిందని కార్డు లాగేసా. ఫైలు పేరు, సైజు సరిగ్గానే కనపడ్డాయి. ఫోన్ ఫార్మాట్ చేసి చిల్లకల్లు నుంచొచ్చిన ఆసామికి అమ్మేసా.

ఆర్నెల్ల తర్వాత విందామంటే ఫైలు ఓపెన్ కాదే. నాలుగు నిమిషాల కాల్ అది. ఆవిడ గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. పెళ్ళి వీడియోలో ఉన్నదంతా సన్నాయే.

ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి కంప్యూటర్ ముందు కూర్చున్నా. పక్క కొట్టు కొండలరావు వంగి చూసి, అలవాటు కొద్దీ, "జగ్గయ్యపేట పోలేదా కిషోరూ? ఇంటికాడ అన్నం చల్లారిపోద్ది" అన్నాడు.

"వండి కూర్చోటానికి ఇంట్లో ఎవరున్నారయ్యా?" అని కసిరా. తన కొట్టుకి వెళ్ళిపోయాడు పాపం.

ఫైలు లోపల ఏముందో చూడ్డానికి పైథాన్‌లో పది లైన్ల ప్రోగ్రాం రాసా. మామూలుగా తెరిస్తే లోపల అక్షరాలున్నాయనుకుని ఎర్రర్ కొట్టింది. దాన్ని నాలుగు తిట్టి, బైనరీగా, అంటే ఉత్త అంకెలుగా తెరిచా. వరసకి పదహారు బైట్లు, బైటుకి రెండేసి హెక్స్ అంకెలు. ఈ రకం ఆడియో ఫైలుకి మొదట్లో 23 21 41 4D 52 ఉండాలి. వచ్చింది 00 00 00. కింద వరసా అంతే. ఎంత కిందికి పోయినా సున్నాలే, అంటే కాపీ పడనేలేదు. ఏడుపొచ్చింది.

ఫైలు చిట్టచివర్న ఒక 3C కనపడింది. ముప్పైరెండు బైట్ల తర్వాత మళ్ళీ 3C. సౌండున్న చోట అవి అలాగే వస్తాయి. ఆ ముక్క కోసి, మొదట్లో ఉండాల్సిన ఆ అంకెల హెడర్ ముందు అతికించి, ప్లే కొట్టా.

రెండంటే రెండు సెకన్లు.

"కస్టమర్లున్నారు రాజ్యం, పెట్టెయ్."

నా గొంతే. ఆవిడ మాట ఒక్కటీ లేదు. అంతకుముందు నాలుగు నిమిషాలు నాకేం చెప్పిందో, ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. అసలు విన్నానా అని నా మీద నాకే అసహ్యమేసింది. కానీ నేను విసుక్కున్న ఆ రెండు సెకన్లూ అవతల ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నది రాజ్యశ్రీ. మళ్ళీ ప్లే కొట్టా.