వినిపించే చెయ్యి

నేను ఒక ఇత్తడి మీటను. చెక్క పీట మీద బిగించి ఉంటాను. నొక్కితే దిగుతాను, వదిలితే లేస్తాను. జీవితమంతా నేను చేసిన పని అంతే. అలాగని తక్కువగా చూడకండి! చుక్కా గీతా కలిపి అక్షరాలు, అక్షరాలు కలిపి మాటలు చేసే మోర్సు విద్యకు నేనే నోరు.

కలకత్తాలో ఒక కార్ఖానాలో పుట్టాను. రైల్వే తంతి గదిలో కొన్నాళ్ళు చాకిరీ చేశాక, పాతబడ్డానని విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్టుకు తోలేశారు. అక్కడ వరహాలరావు గారి కంటబడ్డాను. అనకాపల్లిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే మనిషి. ఇంట్లోనే రేడియో స్టేషన్ పెట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడే హామ్ పిచ్చి ఆయనకు కొత్తగా పట్టుకుంది. పరీక్ష రాసి లైసెన్సూ, గాలిలో పేరుకు బదులు చెప్పుకునే కాల్‌సైనూ సంపాదించుకున్నారు.

ఆ తొలి స్టేషన్ చూస్తే మీరు నవ్వుతారు. మేడ గదిలో కుంటి బల్ల, దాని మీద బిస్కెట్ల డబ్బాలో ఆయన సొంతంగా అమర్చుకున్న వాల్వుల ట్రాన్స్‌మిటర్, పక్కన యుద్ధకాలం నాటి మిలిటరీ రిసీవర్. ఏరియల్ తీగ మేడ మీంచి పక్కింటి కొబ్బరిచెట్టుకి. మొదటిరోజే ఆయన భార్య పైడమ్మ గారు దాని మీద తడి చీర ఆరేశారు. “తీగంటే తీగే కదేటండీ!” అని ఆవిడ వాదన. ఈయన బట్టలకు ఇంకో తీగ కట్టించారు.

ఒక ఆదివారం ఉదయం గాలిలో ఖాదర్‌వలి తగిలాడు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు ఆయనది. అప్పటినుంచి ప్రతి ఆదివారమూ ఇద్దరికీ నా మీదుగానే కబుర్లు. పాతికేళ్ళవాళ్ళు ఒకరినొకరు ‘ముసలాయనా’ అని పిలుచుకునేవారు. హాముల ఆచారం అది, ఎవరు పెట్టారో గానీ! మొహాలు చూసుకోలేదు, గొంతులు వినలేదు. ఆ అవసరమూ రాలేదు. మీట నొక్కే తీరు మనిషికొకటి ఉంటుంది. నాలుగక్షరాలు చెవిన పడితే చాలు, ఇది ఫలానావాడి చెయ్యి అని పోల్చేస్తారు.

తర్వాత ఆ బల్ల మీదికి ఎందరు వచ్చారో, ఎందరు పోయారో! వాల్వుల డబ్బా అటకెక్కింది. ట్రాన్సిస్టర్ల పెట్టె వచ్చింది. దాన్ని నెట్టేసి జపాన్ సెట్టు వచ్చింది, ముట్టుకుంటే మాసిపోతానన్నంత టెక్కుతో. మైకు కూడా వచ్చింది గానీ వీళ్ళిద్దరూ దాని జోలికి పోలేదు. ఏ పెట్టె వచ్చినా చివరికి నన్నే తగిలించారు. ఆ మాత్రం గర్వం నాకుంటే తప్పా?

కంప్యూటర్ వచ్చాక నా ఖర్మ కాలింది. అక్షరాలు టైపు చేస్తే చుక్కలూ గీతలూ అదే పంపుతుందట, తప్పు లేకుండా. “దానికి ప్రాణం లేదు” అని వరహాలరావు గారు మొదట నవ్వేశారు. కానీ ఆ ఏడే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒక చుక్క పడాల్సిన చోట రెండు పడేవి. ఖాదర్ జాలిపడతాడేమోనని ఆయనకు చచ్చేంత సిగ్గు. నన్ను ఊడదీసి సొరుగులో పడేశారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

ఆ ఆదివారం ఎడమచేత్తో టైపు చేశారు. యంత్రం నున్నగా కొట్టింది. అవతలినుంచి వెంటనే జవాబు: ‘ఎవరు నువ్వు? ఇది మా ముసలాయన చెయ్యి కాదు. ఆయన కాల్‌సైన్ నువ్వెందుకు వాడుతున్నావు?’

‘నేనే’ అని టైపు చేశారు. ఖాదర్ నమ్మలేదు. ‘నా చెయ్యి వణుకుతోంది’ అని ఒక్క ముక్క చెబితే పోయేది. ఆ ముక్కే ఆయనకు పెగల్లేదు. సెట్టు కట్టేసి కిందికి వెళ్ళిపోయారు. మళ్ళీ చాలా నెలలు మేడ ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం కిందినుంచి కొత్త గొంతు వినబడింది. “వరహాలరావు గారి ఇల్లు ఇదేనా అమ్మా? ఇన్ని నెలలుగా గాలిలో ఆయన చెయ్యి వినపడలేదు, పోయినాడు కదా... ప్రొద్దుటూరు నుంచి వచ్చినా. ఇంట్లోవాళ్ళను చూసి పోదామని.”

“ఏటి బాబూ ఆ పాడుమాటలు!” పైడమ్మ గారు గుండె బాదుకున్నారు. “ఆ కుర్చీలో కూకున్నది ఎవరనుకున్నారేటి?”

పాపం, ఖాదర్ మాత్రం ఎలా నమ్ముతాడు? ఆ ముఖం ఎన్నడూ చూసింది కాదాయె. “మీరే ఆయనైతే మీట కొట్టి చూపించండి” అన్నాడు. బతికున్న మనిషి బతికున్నానని రుజువు చూపించుకోవాల్సిన గతి!

ఇద్దరూ మేడ ఎక్కారు. సొరుగు తెరుచుకుంది. ఏరియల్ పీకేసి, శబ్దం గదిలో మాత్రమే వినబడేట్టు నన్ను సెట్టుకు తగిలించారు. ఖాదర్ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. వరహాలరావు గారి వేళ్ళు నా మీద పడ్డాయి. అబ్బ, ఎంత వణుకో! చుక్కలు చిట్లాయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నిలబడదామని నేనూ చూశాను గానీ ఉట్టి ఇత్తడిని కదా, నా వల్ల ఏమవుతుంది? తన పేరే ఆయన పూర్తి చేయలేకపోయారు. చెయ్యి తీసేశారు.

“మీరు అనుకున్నది నిజమేనండి, ఖాదర్ గారూ. ఆ మనిషి పోయాడు.”

ఖాదర్ ఇటు తిరగలేదు. “ఇంకొకసారి కొట్టప్పా. నిదానంగా.”

కొట్టారు. ఈసారి చాలాసేపు పట్టింది. చివరి అక్షరం దగ్గర ఖాదర్ భుజాలు కదిలాయి. “ఆఖరి గీతను అంత లాగేది నువ్వొక్కడివే” అన్నాడు. “చెయ్యి వణికితే నాకు చెప్తే ఏమైతాదప్పా? నువ్వు పోయినావని ఎంత ఏడ్చినానో తెల్సా?”

కుర్చీ లాక్కుని నన్ను తన వైపు తిప్పుకున్నాడు. ఆయన కొడితే చేట్లో బియ్యం చెరిగినట్టుండేది, అంత వేగం. అలాంటివాడు తొలిపాఠం నేర్చుకునేవాడిలా, ఒక్కో అక్షరానికీ ఆగి ఆగి కొట్టాడు: ‘ఎలా ఉన్నావు?’ కొట్టి నన్ను బల్ల మీద ఇవతలికి జరిపాడు.

పైడమ్మ గారు కాఫీలు తెచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. “ఎదురెదురుగా కూకుని నోరిప్పి మాటాడుకోరేటండీ? కాఫీ చల్లారిపోతంది!”

వరహాలరావు గారు తల ఎత్తలేదు. ఆయన జవాబు ఇంకా సగంలోనే ఉంది. ఖాదర్ వింటున్నాడు.