‘లు’ రాయని బోర్డు

"చెయ్యి పైకెత్తి తల వెనక పెట్టుకోండమ్మా," అన్నాడు టెక్నీషియన్, మాస్కు లోపలినుంచి.

బోర్డక్క కుడిచెయ్యి ఎత్తింది. ఎత్తింది అనకూడదు, ఎత్తబోయింది. మోచెయ్యి భుజం ఎత్తుకి వచ్చి, గడియ పెట్టిన తలుపులా అక్కడే ఆగిపోయింది. ఇంకాస్త బలం పెట్టేసరికి చంకలోంచి మోచేతిదాకా ఎవరో తీగ పట్టుకుని లాగినట్టయి కళ్లు బైర్లు కమ్మాయి.

"ఇంకొంచెం పైకమ్మా."

"ఉంటే ఎత్తనా నాయనా? దాచుకుని ఏం చేసుకుంటాను?"

నోరు అలాగే ఉంది, చెయ్యే మొండికేసింది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో సగం దుకాణాల బోర్డులు ఆ చెయ్యి రాసినవే. నిచ్చెనెక్కి, చెయ్యి చాచి, గీత గియ్యకుండా అడుగెత్తు అక్షరాన్ని గుండ్రంగా తిప్పి వదిలేది. అందుకే అసలు పేరు పోయి బోర్డక్క అయింది. అలాంటి మనిషి ఇప్పుడు ఆ గట్టి బల్లమీద పడుకుని, సొంత చేతిని బతిమాలుకుంటోంది. చెయ్యి వింటేనా!

రేడియేషన్ డాక్టరమ్మ వచ్చింది. మెల్లగా మోచెయ్యి పట్టి ఎత్తి చూసింది. బోర్డక్క పళ్లు బిగబట్టింది. డాక్టరమ్మ చెయ్యి కిందికి దించేసింది.

"రొమ్ము ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చేతి వ్యాయామాలు చెయ్యలేదా?"

"వ్యాయామమా! కదిపితే ముప్పన్నారుగా?"

"ఎవరన్నారు?"

"ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరుగారే. నేనప్పుడు మత్తులో ఉన్నా, మా ఆయనతో చెప్పారు."

డాక్టరమ్మ టెక్నీషియన్ వంక చూసింది. "ఆయన అలా చెప్పరే. అందరికీ చెప్పే మాట ఒక్కటే. చెయ్యి కదపకుండా ఉంచకూడదు అని."

బోర్డక్కకి ఒకటి గుర్తొచ్చింది. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు నర్సు అడగనే అడిగింది, అన్నీ చేస్తున్నారా అని. డాక్టరుగారు చెప్పినట్టే చేస్తున్నామండీ అని మొగుడు ముందే అందుకున్నాడు, తనూ తలూపింది. నెల దాటింది ఆ తలూపుడికి.

"చూడమ్మా," అంది డాక్టరమ్మ. "చెయ్యి అడ్డంగా ఉంటే కిరణాలు పడాల్సిన చోట పడవు. తల వెనక పెట్టుకుని పావుగంట అలా ఉండగలగాలి. ఇవాళ కొలతలు తీసే స్కానే. ఇదే కుదరకపోతే వైద్యం మొదలుపెట్టేదెలా?"

"కుదిరేదాకా ఆగితే?"

"లోపల ఒక్క కణం మిగిలున్నా దానికి మనం టైమిచ్చినట్టే. రెండు వారాలు. అంతకుమించి ఆలస్యం చెయ్యడం నాకిష్టం లేదు. కింద ఫిజియో అమ్మాయి ఉంటుంది, ఇప్పుడే వెళ్లండి."

రెండు వారాలట. నెల పైబడి కొయ్యలా బిగిసిన చేతికి రెండు వారాలు! బోర్డక్క జాకెట్టు గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటూ బయటికొచ్చింది. గుండెల్లో భయం ఒకవైపు, కోపం ఇంకోవైపు. ఏది ముందు బయటపడుతుందో ఆమెకే తెలియలేదు.

వరండాలో మొగుడు బెంచీమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మెత్తని దిండు, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు, మెడలో ఆమె చేతికి కట్టే గుడ్డ. దారపు మిల్లులో ఫిట్టరు. ముప్పై ఏళ్లుగా ఆ యంత్రాల హోరులోనే బతుకు. ఆపరేషన్ అయిందగ్గర్నుంచి సెలవు పెట్టి ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. నీళ్లు తనే పోశాడు, అన్నం తనే కలిపి పెట్టాడు. నిద్రలో ఎక్కడ కదిలిస్తుందోనని ఆ చెయ్యి దిండుమీద పెట్టి పక్కనే కాపలా కాశాడు. ఇంత ప్రేమగా కొంప ముంచినవాణ్ని ఎక్కడన్నా చూశారా?

"అయిపోయిందా అప్పుడే?" అంటూ లేచాడు.

"కూర్చోండి. పెద్ద డాక్టరు ఆ రోజు ఏమన్నాడు? ఆయన మాట ఆయన అన్నట్టే చెప్పండి."

"చెయ్యి కదపకుండా ఉంచ... అన్నారు."

"ఉంచ... ఏంటి? చివర?"

"ఉంచాలి. అంతేగా?"

"అన్నాడా, అనుకున్నారా?"

ఆయన గుడ్డని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఆపరేషన్ గదిలోంచి మూతికి మాస్కుతోనే వచ్చారు. గబగబా చెప్పారు. ఉంచాలి అనే అయ్యుంటుంది కదా..."

అయ్యుంటుంది! మన భాషలో మాట ప్రాణమంతా తోకలోనే ఉంది కదా. ఉంచాలికీ ఉంచకూడదుకీ మధ్య ఒక మనిషి చెయ్యి ఉంది, చెయ్యేమిటి, మనిషే ఉంది. ఆ తోకనే ఈయన వదిలేశాడు.

బోర్డక్కకి ఏదో తట్టింది. కిటికీవైపు తిరిగి, ఆయనకు వీపు పెట్టి, మామూలు గొంతుతో అంది. "మన ఇల్లు తగలబడుతోందట."

"సరే, వేడి చేసి తెస్తాలే," అన్నాడు వెనకనుంచి.

ఆమె అలాగే నిలబడిపోయింది. మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పెదాలు చూసి పని కానిచ్చుకుంటారు. అది తెలుసు. కానీ మిల్లు బయట కూడా ఈయన బతుకంతా పెదాలమీదే నడుస్తోందని ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్లుగా అన్నిటికీ ఊ కొట్టే మొగుడు దొరికాడని చుట్టాలంతా కుళ్లుకున్నారు. తనూ మురిసింది. మాట జవదాటడమా, పాడా! మాట చేరితే కదా.

ఇటు తిరిగి, పెదాలు ఆడించి మరీ అడిగింది. "మీకు వినపడదా?"

ఆయన తల దించుకున్నాడు. "మిషన్ చప్పుడు వినపడని ఫిట్టర్ని మిల్లులో ఎవరుంచుకుంటారే? నీకు చెప్తే నువ్వు ఊరుకోవు."

"ఊరుకుంటానా! మీ ఉద్యోగం సరే, నా ప్రాణం?"

అనేసింది. ఆయన ముఖం చూశాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఫిజియో అమ్మాయి చంక నొక్కి చూసి పెదవి విరిచింది. చర్మం కింద నాళాలు తాళ్లలా బిగుసుకున్నాయంది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో గోడెక్కించాలి. లాగుతున్నట్టు ఉంటే చెయ్యాలి, పొడిచినట్టు ఉంటే ఆపాలి. రోజూ నడవాలి. "నీరసంగా ఉందని పడుకుంటే పోతుందనుకోకండమ్మా. పడుకున్నకొద్దీ అది పక్క మీద చోటు ఎక్కువ అడుగుతుంది," అంది. ఆ అమ్మాయి చివర చెప్పిన ప్రతి క్రియనీ బోర్డక్క రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

ఇంటికొచ్చాక ఆయన ఆ మెడగుడ్డని చెత్తబుట్టలో పారేశాడు. బోర్డక్క వంటింటి గోడకి ఎదురుగా నిలబడి వేళ్లు నడిపించింది. చూపుడువేలు, మధ్యవేలు, చూపుడువేలు, మధ్యవేలు. గడ్డం దాకా వచ్చి ఆగింది. అక్కడ బొగ్గుముక్కతో ఒక అక్షరం రాసింది. లు.

ఆ అక్షరమే ఎందుకంటే, ఆమె బాకీపడింది అదొక్కటే. జబ్బు బయటపడ్డ రోజుల్లో వీధిచివర చెప్పుల దుకాణానికి బోర్డు రాస్తోంది. ‘చెప్పు’ దాకా రాసి, కళ్లు తిరిగి నిచ్చెన దిగింది. మళ్లీ ఎక్కలేదు. మందులు ఎక్కించడాలు, జుట్టు రాలడాలు, ఆపరేషన్ అన్నీ అయ్యాయి, కొత్త జుట్టు మొలకలెత్తింది, బోర్డుమీద మాత్రం ‘చెప్పు’ అనే ఉంది. దుకాణదారు వేరే ఎవరిచేతా పూర్తి చేయించనన్నాడు. వచ్చేవాళ్లంతా "ఏం చెప్పమంటారు?" అని వేళాకోళం ఆడుతున్నారట.

మొదటి రోజుల్లో ఆమె మొగుడితో మాట్లాడలేదు. ఏదన్నా అడిగితే, "వినపడేదా పెట్టేదా, ఎందుకు నోరు నొప్పి," అని గోడకేసి చెప్పేది. ఆయన వెనక నిలబడి, భుజం కింద అరచెయ్యి ఆనించి పట్టుకునేవాడు. సాయంత్రాలు నడకకి తీసుకెళ్లేవాడు. మొదట్లో వీధి మలుపు చేరేసరికే ఆమెకి కాళ్లు వణికేవి. ఎవరిదో అరుగుమీద కూర్చుని, ఒగర్చి, మళ్లీ లేచేది. కొన్నాళ్లకి చెప్పుల దుకాణం దాకా వెళ్లగలిగింది.

"అక్కా, ఇంకా ‘చెప్పు’ అనే ఉంది, ఏం చెప్పమంటావు?" అన్నాడు దుకాణదారు.

"నన్నడుగుతావేం? చెప్పాల్సినవాళ్లు చెప్పకే ఇంత దూరం వచ్చింది," అంది మొగుడి వంక చూడకుండా. అది ఆయనకి వినపడలేదు. దుకాణదారు నవ్వు ఆగిపోవడం మాత్రం కనపడింది.

గోడమీద లు పైన లు, ఆ పైన లు. ముక్కుదాకా ఎక్కింది. కనుబొమలదాకా ఎక్కింది. అక్కడ ఆగిపోయింది. రోజూ అదే లు మీద బొగ్గు దిద్దడమే అయింది తప్ప వేలు వెంట్రుకవాసి పైకి జరగలేదు. రెండో వారం సగం కరిగిపోయింది. రేడియేషన్ వాళ్లు ఫోన్ చేసి, ఎల్లుండి పొద్దున్నే రమ్మన్నారు.

ఆ సాయంత్రం బోర్డక్క బొగ్గుముక్కని నేలకేసి కొట్టింది.

"ఇంక లేవదు. నాకు తెలుస్తూనే ఉంది. ఇది నాతో రాదు."

ఆయన ఆమె ముందుకొచ్చి పెదాలవంక చూశాడు. "ఏమన్నావు?"

"భయమేస్తోందన్నాను!" అని అరిచింది. "చచ్చిపోతానని భయమేస్తోంది! చెయ్యి లేవక చచ్చిపోతే ఎంత సిగ్గు!"

ఆ మాటకి చెవులక్కర్లేదు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేలమీది బొగ్గుముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నాకూ భయంగానే ఉంది. చెప్పలేదు. నాకు చెప్పడం రాదుగా. ఇంకొక్కసారి ఎక్కించు. నేను పట్టుకుంటాను."

మళ్లీ గోడ. ఆయన చెయ్యి ఆమె చంక పక్కన ఆనుకుని ఉంది. కనుబొమల దగ్గర వేళ్లు ఆగాయి. తీగ బిగుసుకుంది. బోర్డక్క ఊపిరి వదులుతూ చూపుడువేలు ఒక్క పిసరు పైకి జరిపింది.

లోపల టప్‌మని తెగింది.

బోర్డక్క కెవ్వుమంది. అయిపోయింది, ఏదో నరం తెగింది, ఉన్నదీ పోయింది! ముఖం పాలిపోయింది. కానీ ఆయన చెయ్యి తియ్యలేదు. బేరింగు పట్టేసిన మిషన్ మీద అరచెయ్యి పెట్టి లోపలి సంగతి కనిపెట్టే మనిషి ఆయన. "ఉండు, కంగారుపడకు. బిగిసింది వదిలింది. నా చేతికి తెలిసింది." అయినా ఇద్దరికీ ధైర్యం చాలలేదు. ఉన్నపళాన ఆటో ఎక్కి ఫిజియో దగ్గరికి పరిగెత్తారు. ఆ అమ్మాయి నొక్కి చూసి, వాపూ అదీ లేదని చూసుకుని నవ్వింది. అప్పుడప్పుడు ఆ తాళ్లు అలా తెగుతాయట, మంచిదేనట. "మంచిదేనా? కాదా? సరిగ్గా చెప్పు తల్లీ," అని బోర్డక్క మళ్లీ చెప్పించుకుంది.

మర్నాడు గోడమీద లు ఆమె నెత్తిని దాటింది. అయితే గోడ వేరు, బల్ల వేరు. నిలబడి ఎక్కించి దించడం వేరు, పడుకుని పావుగంట కట్టుబడి ఉండడం వేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు.

స్కాన్ రోజు బల్ల అంతే గట్టిగా ఉంది. ఏదైనా అవసరమైతే ఉంటాడని, మిషన్ వేసేదాకా మొగుణ్ని లోపలికి రానిచ్చారు. బోర్డక్క పైకప్పు వంక చూస్తూ చెయ్యి ఎత్తింది. భుజం దాటింది. చెవి దాటింది. ఒకచోట ఆగి వణికింది. మెల్లగా, నిచ్చెన చివరి మెట్టుమీద నిలబడి అక్షరం చివరి వంపు తిప్పినంత మెల్లగా, చెయ్యి వెళ్లి తల వెనక ఆనింది.

"భేష్ అమ్మా! ఇంక కదలకుండా ఉండాలి," అన్నాడు టెక్నీషియన్ మాస్కు లోపలినుంచి. "సార్, మీరు బయట కూర్చోండి."

ఆయన బయటికి వెళ్లలేదు. టెక్నీషియన్‌కి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అందరికీ వినపడేలా, బహుశా అవసరానికి మించి గట్టిగా అన్నాడు.

"బాబూ, నాకు చెవుడు. ఏళ్లబట్టీ ఉంది. మూతిమీద గుడ్డ ఉంటే నాకు మాట పూర్తిగా అందదు. ఒకసారి అందక ఈవిడకి చాలా అన్యాయం చేశాను. కాస్త దూరంగా నిలబడి, అది తీసి చెప్పు. కదలకుండా... ఉండాలా? ఉండకూడదా?"

టెక్నీషియన్ ఒక్కక్షణం తెల్లబోయాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, మాస్కు దించి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. "ఉం... డా... లి."

"ఉండాలట!" అన్నాడాయన ఆమె వైపు తిరిగి, ఉత్తరం తెచ్చినవాడిలా. "ఈసారి చివరిదాకా విన్నాను. కదలకుండా ఉండాలి."

బోర్డక్కకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ రాకూడదు మరి, కదులుతుంది. పెదాలు మాత్రం ఆడించింది, గొంతు లేకుండా, ఆయన ఒక్కడికే. "విన్నాను. వెళ్లండి."

తలుపు మూసుకుంది. మిషన్ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు జారి రెండు చెవుల్లోకీ దిగుతున్నాయి. తుడుచుకోవాలనిపించింది. బోర్డక్క చెయ్యి తియ్యలేదు.