చెంచమ్మ జాగా

కర్నూలు రాజధాని అయిన ఏడో, దాని మరుసటేడో. ముందుది వెనకా, వెనకది ముందూ చెబుతానేమో. ఈమధ్య నాకు వరస నిలవడం లేదు.

మార్కాపురం పలకల గనుల పక్క ఊళ్లో ఐదు తరగతులకూ కరుణమ్మ ఒక్కతే టీచరు. మధ్యాహ్నం దాటితే ఆమెకు గొంతు లేచేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఒక పెద్ద పలకను మొదటి వరసలోకి పంపేది. ఒక్కొక్కరు ఒక్క పంక్తి రాసి పక్కవాళ్లకు ఇవ్వాలి. పై పంక్తికి అతకాలి, అంతే. చివరి పిల్ల చేతికి చేరేసరికి పాటయ్యేది.

చెంచమ్మ బడికి రాక ఇరవై రోజులైంది. నాయన యల్లయ్యకు మోకాళ్లు పట్టేసినాయి. మేకల్ని ఆ పిల్లే గట్టుకు తోలుకుపోతోంది. ఆమె జాగాలో పలక పెట్టి పిల్లలు కాసేపు ఆగేవాళ్లు. చెంచమ్మ వంకర అక్షరాలు దాని మీద తేలేవి. పక్కనున్న నరసమ్మ అందుకుని తన పంక్తి రాసేది. కరుణమ్మ చెంచమ్మకు హాజరు వేసేది. రాసిన పిల్లకు గైరుహాజరు ఎట్ల వేస్తుంది?

ఒకనాడు యల్లయ్య కర్ర పొడుచుకుంటా వచ్చినాడు.

"పాప పేరు కొట్టేయండమ్మా. ఇంక రాదు."

"రెండు నెలల్లో ఐదో తరగతి పరీక్ష, యల్లయ్యా. పేరు కొట్టేస్తే రాయనియ్యరు."

"మేకలకు పరీక్షలు తెలవవు గదమ్మా." నిలబడలేక ఖాళీ జాగాలో కూలబడినాడు.

"ఆ జాగాలో కూర్చుంటే ఒక పంక్తి చెప్పాల మామా," అనింది నరసమ్మ.

"నాకు ఓనమాలే రావు."

"నోటితో చెప్పు, నేను రాస్తా."

పలక అతని ఒళ్లోకి వచ్చింది. అక్షరాలు తేలినాయి.

"ఏముంది దీంట్లో?"

నరసమ్మ చదివింది: "నాయన నొప్పని చెప్పడు, గట్టెక్కేటప్పుడు పాట పాడతాడు."

యల్లయ్య చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు. గనిలో సుత్తి దెబ్బలు వినబడతా ఉన్నాయి.

"దీనికే అతకాల్నా?"

"ఆ."

"అయితే రాయి. రేపటి నుంచి పాడుకుంటా మేకల్ని నేనే తోలుకుపోతా."

కరుణమ్మ హాజరుపట్టీ మూసింది.

మర్నాడు ఆ జాగాలో అక్షరాలు వాటంతటవి తేలలేదు. చెంచమ్మ బలపం పట్టుకుని కూర్చుంది. గట్టు మీద యల్లయ్య పాడతా ఉన్నాడు, ఎక్కడా ఆపకుండా. పాట గట్టు దాటినాకే ఆమె రాసింది. తర్వాత తనే టీచరయినాక కూడా, ఎవరన్నా పాడుకుంటా బడి ముందు నుంచి పోతే పాఠం ఆపేది.

రంగనాయకమ్మా, చెల్లీ, నువ్వూ ఆ బళ్లోనే చదివినావు గదా. చెంచమ్మ పక్కన కూర్చున్నది నరసమ్మనా, లక్ష్మీదేవమ్మనా? ఇందులో పేర్లు ఒకసారి చూసి చెప్పు.