కుర్చీ పిన్ని

ఒడిలో ఉన్న పసివాడు కళ్ళు తెరిచినప్పుడల్లా నోరు కూడా తెరుస్తున్నాడు. నోరు మూసినప్పుడల్లా కళ్ళు కూడా మూసేస్తున్నాడు. పాస్‌పోర్టు ఫొటోకి కళ్ళు తెరుచుకుని, నోరు మూసుకుని ఉండాలి. పుట్టి రెండు నెలలైనా కాలేదు గనక ఈ నియమం వాడికింకా ఎవరూ చెప్పలేదు. తెల్ల దుప్పటి ముసుగేసుకుని స్టూలు మీద కూర్చుని, దుప్పటి లోపల్నుంచే వాడి చంకల కింద చేతులు వేసి పట్టుకున్న కుర్చీ పిన్నికి లోపల చెమటలు ధారలు కడుతున్నాయి.

ఫొటో స్టూడియోలో ఆమె పని అదే. కౌంటరు తుడవడం, ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టడం కూడా ఉన్నాయి గానీ అవి ఎవరైనా చేస్తారు. పసిపిల్లల వెనక తెలుపు తప్ప మరేదీ కనపడకూడదు. అందుకని ఆమే తెల్ల గోడ, ఆమే కుర్చీ. యజమాని మీసాలు చూస్తే పిల్లలు జడుసుకుంటారు కాబట్టి వాళ్ళని మాయచేసే బాధ్యతా ఆమెదే, అదీ ముసుగులోంచే. ముందు కాకిలా అరిచింది. పసివాడు లెక్కచెయ్యలేదు. తర్వాత స్టార్టు కానని మొరాయించే స్కూటరులా గుర్రుగుర్రుమంది. తాను కూర్చున్న కుర్చీయే మాట్లాడుతోందని వాడికి అప్పుడు తట్టింది. కళ్ళు చక్రాల్లా తెరిచి, పెదవులు బిగించి, ఈ లోకంలో ఇంకెన్ని మోసాలున్నాయో అన్నట్టు చూశాడు. యజమాని ఠక్కున నొక్కేశాడు.

ఆమె పొట్టి మనిషి. గుండ్రంగా, కుదురుగా, ఎక్కడ కూర్చుంటే అక్కడే వేళ్ళు దిగినట్టు ఉంటుంది. పెళ్ళికి ముందు ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి ఫొటో దిగాలని ఈ స్టూడియోకి వచ్చింది. రెప్ప వెయ్యకుండా అంతసేపు కూర్చోగల మనిషిని యజమాని తన అనుభవంలో చూడలేదు. ఆ దరఖాస్తు అక్కడే ఆగిపోయింది. అప్పట్నుంచీ ఆ పేటలో పుట్టి పాస్‌పోర్టు తీసుకున్న ప్రతి పసిగుడ్డూ ఆమె ఒళ్ళో కూర్చునే దిగింది. తల్లులు ముద్దుగా కుర్చీ పిన్ని అన్నారు. అదే స్థిరపడింది.

పసివాణ్ణి అందుకుంటూ వాడి తల్లి, మీకెంతమంది పిల్లలని అడిగింది.

"ఇప్పుడే ఒకణ్ణి దించానుగా," అంది కుర్చీ పిన్ని, దుప్పటి మడతపెడుతూ.

ఆ పూట ఆమె సగం రోజు సెలవు. బయట మెట్లమీద అత్తగారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పక్క కొట్టువాడికి కోడల్ని ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్తోందో రహస్యంగా చెబుతోంది. ఆవిడ రహస్యం వీధి మలుపు దాకా వినపడుతుంది. పెద్దకొడుకు ఇంటినుంచి నాలుగేళ్ళ కిందట, శుభవార్త విని వెళ్ళిపోతానని వచ్చింది. శుభవార్తా రాలేదు, ఆవిడా వెళ్ళలేదు.

మనసులో ఏదీ పెట్టుకోని మనిషి. కష్టమల్లా ఆవిడ మనసులో దాగనిది పేటంతటికీ తెలిసిపోవడమే. నిరుడు డాక్టరమ్మ రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, గర్భసంచికి అటూ ఇటూ ఉండే రెండు ట్యూబులూ మూసుకుపోయాయని చెప్పింది. ఆ సాయంత్రమే అత్తగారు పై వాటా ఆవిడ చెవిలో, మా ఇంట్లో రెండు ట్యూబులూ పనిచెయ్యట్లేదని, ఎవరికీ చెప్పొద్దని ఊదింది. పై వాటా ఆవిడ పరోపకారి. మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ రెండు ట్యూబులైట్లు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఉన్న సంగతి చెప్పలేరు, ఊరికే పంపలేరు. నిక్షేపంలా వెలుగుతున్న వాటిని పీకించి కొత్తవి బిగించుకున్నారు. అతను నిచ్చెన దిగి స్విచ్చి వేసి, ఇంక మీకు దిగుల్లేదమ్మా అని కోడలికి ధైర్యం చెప్పి మరీ వెళ్ళాడు. ఆమె వంటింట్లోకి పోయి నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగక పొయ్యిమీద పాలు పొంగి మంట ఆరిపోయింది. అత్తగారు మాత్రం ఆ కొత్త వెలుగులో రెండ్రోజులు తలెత్తలేదు.

తిట్టే అత్తయితే బాగుండునని ఆమెకి అప్పుడప్పుడు అనిపించేది. నెల నెలా స్నానాలగది తలుపు తీసేసరికి ఎదురుగా అత్తగారు కుర్చీ వేసుకుని ఉండేది. ఆమె తల అడ్డంగా ఊపేది. "సరేలే," అని ఆవిడ లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ఆ సరేలేకి జవాబు లేదు. ఆ కాఫీ చల్లారేదాకా చేతిలో పట్టుకుని కూర్చునేది.

మొన్నీమధ్య పొట్టమీద చిన్న గాట్లు పెట్టి ట్యూబులు తెరవబోయారు. తెరుచుకున్నాయో లేదో చూడ్డానికి ఇవాళ మళ్ళీ రంగుమందు పరీక్ష.

ఆస్పత్రికి మొగుడు డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు. బస్సు కండక్టరు. కూర్చునే అలవాటు తప్పిపోయిన మనిషి, ఇంట్లో కాఫీ కూడా ద్వారబంధం పట్టుకునే తాగుతాడు. నడవలో జనం గుమ్మం దగ్గర కిక్కిరిసి ఉంటే, తనకి తెలియకుండానే, లోపల ఖాళీ ఉంది ముందుకి జరగండి అన్నాడు. జనం జరిగారు. ఒకాయన చిల్లర కూడా తీశాడు.

పరీక్ష బల్లమీద ఆమె ఎప్పటిలాగే రెప్ప వెయ్యకుండా పడుకుంది. రంగుమందు లోపలికి వెళ్తుంటే పొత్తికడుపు మెలిపెట్టి పిండినట్టయింది. పళ్ళు బిగించి, గొంతులోనే స్కూటరులా గుర్రుమంది. నర్సు ఉలిక్కిపడి యంత్రంవైపు చూసింది.

తర్వాత డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూపించింది. మధ్యలో చిన్న తెల్లని ముక్కోణం. దాని రెండు కొసలనుంచీ సన్నటి దారాల్లా రంగు సాగాలి. సాగలేదు. తెరిచినవి మళ్ళీ మూసుకున్నాయనీ, ఇంక వాటి జోలికి పోవడం అనవసరమనీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మిగిలింది ఒకటే. అండాన్ని బయటికి తీసి, బయటే మగబీజంతో కలిపి, తిరిగి లోపల పెట్టడం. అందుకు ట్యూబులతో పనిలేదు. నిలవచ్చు, నిలవకపోవచ్చు.

మొగుడు తలుపు పట్టుకుని ఆలోచించి, రోడ్డు మూసేస్తే బస్సు వేరే దారిన తిప్పినట్టన్నమాట అన్నాడు. అంతేనంది డాక్టరమ్మ. అత్తగారు అప్పటికే గొడుగు చంకన పెట్టుకుని, అయితే రేపే తిప్పేయమంది.

డాక్టరమ్మ ఆవిడవైపు చూడలేదు. "మీకేం కావాలమ్మా?" అని కుర్చీ పిన్నినే అడిగింది.

గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు. ఎవరో ఫొటో తీయబోతున్నట్టు ఆమె నిటారుగా సర్దుకుంది. ఇన్నేళ్ళలో ఏం తినాలో, ఎటు తిరిగి పడుకోవాలో, ఎవరికి చూపించుకోవాలో చెప్పినవాళ్ళే గానీ ఈ మాట అడిగినవాళ్ళు లేరు.

"నిద్రపోవాలనుందండీ," అంది.

ఎవరూ నవ్వలేదు. తలవంచుకుని, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మిగతాది చెప్పింది.

"ఒక్కసారి చేయించుకుంటాను. ఇప్పుడే కాదు, ఈ నొప్పులన్నీ తగ్గాక. ఎప్పుడు చేయించుకున్నదీ, ఏమైందీ ఎవరికీ చెప్పను. నిలవకపోతే ఆ కబురు మోసుకుని నలుగురి మొహాల్లోకీ చూడలేనింక."

"నాకూ చెప్పకపోయినా పర్లేదు," అన్నాడు మొగుడు మనస్ఫూర్తిగా. మీకు తెలియకుండా కుదరదండీ, మీతోనూ పనుంది అంది డాక్టరమ్మ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

తిరుగు బస్సులో అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. రోజూ ఆ బస్సెక్కేవాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇంటికొచ్చి ఇంత తిని, ఎంగిలి చెయ్యి కడుక్కుని, మంచం కిందనుంచి సంచీ లాగి బట్టలు సర్దడం మొదలెట్టింది. కోడలు గుమ్మంలో నిలబడి చూసింది.

"నేనన్నది మిమ్మల్ని కాదత్తయ్యా."

"నన్నే అన్నావు. అనాల్సిందే అన్నావు." ఆవిడ రవికె మడత విప్పి మళ్ళీ మడిచింది. "నా నోట్లో నువ్వుగింజ నానదమ్మాయ్. అది నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ ఎలక్ట్రీషియనుకీ తెలుసు. నేనిక్కడుంటే నువ్వు మాత్ర మింగినా పై వాటాకి తెలుస్తుంది. నోరు కట్టేసుకున్నా కళ్ళెక్కడ కట్టేసుకోను? నీ మొహంలోకే చూస్తూ కూర్చుంటాను. పెద్దాడి దగ్గరికి పోతాను."

కోడలు వచ్చి మంచం కొసన కూర్చుంది. బట్టలు సర్దబోతే ఆవిడ ఆమె చెయ్యి పక్కకి తోసేసింది.

"నిలవకపోతే నాకు చెప్పకు. నిలిచినా చెప్పకు. పుడితే, వాడికి నడకొచ్చాక చెప్పు. చాలు."

కొడుకు రేపు వెళ్దువుగానని బతిమాలాడు. రేపటికి తన మనసు మారుతుందనీ, తన సంగతి తనకి తెలుసుననీ చెప్పి ఆవిడ స్నానాలగదిలోకి వెళ్ళి మొహం కడుక్కుంది. ఇంతలో సాయంకాలం బస్సుకి వేళ మించిపోతోందని అతను కేకేస్తే, సంచీ అందుకుని గబగబా బయల్దేరింది.

బస్టాండులో అతను తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆ బస్సు కండక్టరుకి పదిసార్లు అప్పగింతలు పెట్టాడు. అత్తగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మందులు పెట్టుకున్నారా అంటే తలూపింది. చేరగానే ఫోన్ చెయ్యండంటే తలూపింది. బస్సు మలుపు తిరిగేదాకా మాట్లాడుతూనే ఉండే మనిషి అలా నోరు విప్పకుండా కూర్చునేసరికి కోడలు బస్సుకి దగ్గరగా జరిగింది. కిటికీ ఊచలమధ్యనుంచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ రుమాలు తియ్యకుండానే ఆ చేతిని రెండుసార్లు తట్టింది. బస్సు కదిలింది. ఆవిడకి ఇంత దుఃఖం ఉందనుకోలేదని మొగుడు దారంతా అంటూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే నువ్వు పడుకో, వంట నేను చూస్తానన్నాడతను. కాళ్ళు కడుక్కుందామని ఆమె స్నానాలగది తలుపు తీసి లైటు వేసింది. అద్దం కింద అరమీద, గాజుగ్లాసు నిండా మంచినీళ్ళలో, అత్తగారి కట్టుడుపళ్ళు పై వరసా కింది వరసా ఒకదానిమీదొకటి బుద్ధిగా కూర్చుని, కిక్కురుమనకుండా ఉన్నాయి.