రాజు మెడ కింది చుక్కలు

నేను ఒక వెండి నాణేన్ని. ఐర్లండులో, డబ్లిన్ నగరంలో పుట్టాను. పుట్టాననడం మర్యాద కోసం. రెండు అచ్చుల మధ్య పెట్టి నెత్తిన సుత్తితో బాదారు. ఒక వైపు రాజు మొహం, ఇంకో వైపు శిలువ. సంవత్సరం వేసే అలవాటు ఆ రోజుల్లో లేదు.

ఆ దెబ్బతో పట్టుకున్న భయం నన్ను వదల్లేదు. చిల్లర కావాలంటే శిలువ గీత వెంట నాణేన్నే ముక్కలు చేసేవారు మా వాళ్లు. కత్తెర చప్పుడు వింటే నా పై ప్రాణాలు పైనే పోయేవి. చివరకు ఎవరో కుండలో పెట్టి పాతేసి, తిరిగి రాలేదు. హాయిగా నిద్రపోయింది ఆ మట్టిలోనే.

వందల ఏళ్ల తర్వాత నాగలికి తగిలి బయటపడ్డాను. ఆ పొలం వారి ఆడపడుచు డాక్టరమ్మగా విజయనగరం వస్తూ నన్ను వెంట తెచ్చింది. వెళ్లిపోతూ నర్సు సన్యాసమ్మ చేతిలో పెట్టింది. ట్రంకు పెట్టె అడుగున నల్లగా మసిబారి, క్షేమంగా ఉన్నాను.

ఈ మధ్య, పాత నాణేలు పరిశీలించే కామేశం మేష్టారు ఫోనులో నా ఫోటో చూశారు.

"రాజు మెడ కింద చుక్కలుంటాయమ్మా. ఒకటుందా, మూడున్నాయా చూస్తే ఏ కాలందో చెప్పేస్తాను. కాలం తెలిస్తే మ్యూజియం వాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు. శుక్రవారం వస్తాను," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అద్దాల పెట్టె! ఎవరి చెయ్యీ తగలని చోటు! అరిగి సన్నబడ్డా నా చుక్కలు మూడూ ఇంకా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే సన్యాసమ్మ స్నానం చేసి, విభూతి, తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. వెండి కుందులు తోమింది. కుంకుమ భరిణె తోమింది. తర్వాత నన్ను అందుకుంది. అరుద్దామనుకున్నాను. నోరున్న రాజుగారే కిక్కురుమనలేదు, నేనేం చెయ్యను? విభూతికి నలుపు వదలకపోతే ముగ్గుపిండి తెచ్చింది. ఎంత ప్రేమగా రుద్దిందో! బొటనవేలు మెడ కిందికి వచ్చింది. ఒక చుక్క పోయింది. ఇక చాలు తల్లీ అనుకుంటూనే ఉన్నాను, మిగతా రెండూ పోయాయి.

మేష్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"తోమేశారా సన్యాసమ్మగారూ?"

"మరి! నల్లటి వెండి పెద్దోళ్ల చేతిలో పెడతారేటండీ?"

"చుక్కలు పోయాయమ్మా. ఇది ఏ కాలందో ఇక నేను చెప్పలేను. మ్యూజియం వాళ్లు తీసుకోరు."

సన్యాసమ్మ నన్ను అరచేతిలో తిప్పి చూసుకుంది. ఆవిడ మొహంలో విచారమేమీ లేదు.

"పోనీలెండి బాబూ, మా దేవుడి గదిలోనే ఉంటాది. ఆ ముక్కు కాడ ఇంకా కాస్త నలుపుందండీ. వచ్చే శుక్రవారం వదలగొట్టేస్తాను."