బెత్తెడు వదులు

నేను ఒక తుపాకి గొట్టాన్ని. తుపాకిని కాను, వట్టి గొట్టాన్ని. ఇరవై ఆరు అంగుళాల పొడవు, లోపల మెలి తిరిగిన సన్నటి గాడులు, బయట అద్దం లాంటి మెరుపు. పుట్టి తొమ్మిదేళ్ళయింది. ఇంతవరకూ నాలోంచి ఒక్క గుండూ పేలి బయటికి పోలేదు. అయినా అలిసిపోయాను. పనిచేసి అలిసేవాళ్ళని నలుగురూ చూస్తారు. ఎవరో ఒకరు ఎత్తి, వెలుగులో పెట్టి చూసి, మళ్ళీ దించుతుంటే వచ్చే అలసట ఒకటుంది. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు.

నేను పుట్టింది దూరదేశపు ఫ్యాక్టరీలో. ఉక్కు కడ్డీని నిలువునా తొలిచి, గాడులు తీసి, చివరికి లోపలంతా నునుపు చేయడానికి ఒక మనిషికి ఇచ్చారు. మంచి పనివాడే. చువ్వకి నూనె పట్టించి ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు. సగంలో ఉండగా పక్కవాడు కబుర్లలోకి దించాడు. ఏదో ఇంటి గొడవ. ఇతను ఊ కొడుతూ, చేతిని ఒక్కచోటే ఆడిస్తూ ఉండిపోయాడు. ఆ గొడవ తేలేసరికి నా నడుం దగ్గర బెత్తెడు మేర వదులైపోయింది. ఆ వదులు లోతు, తలవెంట్రుకని పది చీలికలు చేస్తే అందులో ఒక్కటంత కూడా ఉండదు. కొలిచే యంత్రానికి అది అందలేదు. నాకు మాత్రం తెలుసు. అక్కడికి వచ్చేసరికి గుండుకి పట్టు తప్పుతుంది. ఆరువందల మీటర్ల అవతల ఆ తేడా జానెడవుతుంది.

హైదరాబాదులో డబ్బున్న పెద్దమనిషి ఒకాయన నన్నూ, నాకంటే పొడుగైన ఇంకోదాన్నీ కొన్నాడు. పొడుగ్గా ఉంటే గుండు ఎక్కువ దూరం పోతుందని ఆయన నమ్మకం. ఆ పొడుగుదాన్నే తుపాకికి బిగించుకుని, బరువు మోయలేక ఆర్నెల్లకే గోడకి తగిలించాడు. నన్ను కాగితాలతో సహా సికింద్రాబాదులో నాగలింగాచారి దుకాణానికి ఇచ్చేశాడు.

పోటీ తుపాకులు బాగుచేయడానికి సర్కారు లైసెన్సు ఉన్న దుకాణం అది. గొట్టాన్ని ఎంచడంలో ఆచారి పద్ధతి ఆయనదే. మెత్తటి సీసపు గుండుని గొట్టంలో పెట్టి, కళ్ళు మూసుకుని చువ్వతో మెల్లగా నెడతాడు. బిగువు ఎక్కడ, వదులు ఎక్కడ, అంతా వేళ్ళకే తెలియాలి. నేను వెళ్ళిన మొదటిరోజే నా నడుం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. కళ్ళు తెరిచి, అక్కడొక సున్నపు గీత గీసి, నన్ను వెనక బల్లమీద పెట్టేశాడు. నా సంగతి తెలిసిన మనిషి ఒకడు దొరికాడని ఊపిరి పీల్చుకున్నాను.

మూడేళ్ళు గడిచాయి. ఆచారికి షుగరు ముదిరి వేళ్ళకి స్పర్శ పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పొగలు కక్కే టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే, ఆచారిది గట్టి చెయ్యి అని వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు.

కోడలు స్వరూపకి ఇరవై రెండేళ్ళు. తొమ్మిదో తరగతిలో చదువాగింది. మొగుడు కంపెనీకి పోతాడు, తను మామకి సాయంగా దుకాణంలో ఉంటుంది. వెనకగదిలో ఏడు నెలల పాప. ఈమె భయం ఈమెది. సీసం ముట్టుకున్న చేత్తో పాపని ఎత్తుకుంటే ఏమవుతుందోనని సబ్బుతో మూడుసార్లు కడుక్కుంటుంది. గంటకోసారి వెళ్ళి నుదురు తాకి చూస్తుంది. పన్ను వస్తోందేమోనని వేలితో చిగుళ్ళు తడుముతుంది. ఆ ఏడు దసరాకి ఆయుధపూజ అని దుకాణంలో ఉన్నవన్నీ నూనెగుడ్డతో తుడిచింది. నన్నూ తుడిచింది. సున్నపు గీతని మురికనుకుని మరీ రుద్ది, అక్కడే కుంకుమబొట్టు పెట్టి, పువ్వు పెట్టింది. ఒంట్లో లోపం ఉన్నచోటే పూజ అందుకోవడం నాకు తెలిసి ఇంకెవరికీ జరగలేదు.

ఆ తర్వాత నెలకి దయానంద్ వచ్చాడు. రైల్వే ఉద్యోగి, నలభై ఆరేళ్ళవాడు. దూరపు గురి పోటీల కోసం నాలుగేళ్ళుగా ఒక్కో భాగం పోగేసి తుపాకి కట్టించుకుంటున్నాడు. మిగిలింది గొట్టమే. ఎడమకన్ను ఎప్పుడో మసకైంది, ఇప్పుడు కుడికన్నూ మొదలుపెట్టింది. రాష్ట్ర జట్టు ఎంపికకి ఇదే ఆఖరి ఏడని డాక్టరు చెప్పేశాడట. అతని దగ్గర ఉన్న పర్మిషను ఒక్క గొట్టానికే. బల్లమీద మేము మూడు గొట్టాలం ఉన్నాం. అతని కళ్ళు నా మెరుపు దగ్గరే ఆగాయి. ఆచారి ముగ్గురిలోంచీ గుండు నెట్టాడు. నా నడుం మీదుగా ఆయన చెయ్యి ఎక్కడా ఆగకుండా పోయింది.

"ఇదే మంచిగుంది సార్," అన్నాడు.

నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

లోపల అంటిన సీసం తీసి, ఇంకో గుండుతో మరోసారి చూసి పెట్టమని నన్ను స్వరూపకిచ్చారు. ఆమె నెట్టింది. నడుం దగ్గర ఆగింది. వెనక్కి లాగి మళ్ళీ నెట్టింది. ఐదుసార్లు నెట్టింది. లోపల పాప ఏడుస్తున్నా కాసేపు కదల్లేదు. చిగుళ్ళలో పన్ను వెతికే వేలికి ఇది తెలియదా?

మర్నాడు పొద్దున ఆచారి నన్ను లేతు యంత్రానికి బిగించాడు. తూటా కూర్చునే చోటు తొలిచాడంటే నేను దయానంద్ సొత్తునే, వెనక్కి తీసుకునేది లేదు. మోటారు స్విచ్చి మీద చెయ్యి పెట్టగానే స్వరూప వచ్చి అడ్డంగా నిలబడింది.

"మామా, నడుమల వదులుగొడుతుంది."

ఆచారి నవ్వాడు. నలభై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్నాననీ, తొమ్మిదోది తప్పినామె తనకి చెప్పేకాడికి వచ్చిందా అనీ ఎగతాళి చేశాడు. ఆమె కదల్లేదు.

"ఒక్కపారి నా చెయ్యి మీద మీ చెయ్యి పెట్టుండ్రి."

విసుగ్గా నన్ను విప్పి, ఆమె చేతిమీద చెయ్యేశాడు. ఇద్దరూ కలిసి నెట్టారు. ఆమె ఆగింది. ఆయనకి ఏమీ తెలియలేదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఎక్కడ బిడ్డా?" అన్నాడు చివరికి.

ఆమె నామీద రెండు వేళ్ళు ఎడంగా ఆనించి, ఇక్కణ్ణించి ఇక్కడికి అని చూపింది. బెత్తెడు.

ఆచారి వంగి ఆ చోటు చూశాడు. ఏదో గుర్తుకొచ్చింది. "ఈడ సున్నం గీత ఉండాలె. ఏమాయె?"

స్వరూప తల దించుకుంది. "దసరాకు నేనే తుడిచిన మామా. మురికనుకున్న."

తిడతాడనుకున్నాను. ఆయన నన్ను బల్లమీద పెట్టి, తన చేతివేళ్ళని ఇంకెవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. గీత ఉండి ఉంటే ఆయన చెయ్యి సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నన్ను పక్కన పెట్టి ఇంకో గొట్టం ఎంచేవాడు, అదెలాంటిదో ఎవరికెరుక.

దయానంద్ రాగానే ఆచారి దాచలేదు. "నా చెయ్యి సచ్చిపోయింది సార్. ఇగ ఏరేది నా కోడలు. ఇష్టముంటే ఉండుండ్రి, లేకుంటే కాగితాలు తీస్కపోండ్రి."

స్వరూప మిగతా రెండిటినీ చూసి, ఒంటినిండా గీతలున్న మొద్దుగొట్టాన్ని ముందుకి జరిపింది. దీన్ని చూస్తే మా వీధి బోరింగు గుర్తొస్తోందన్నాడు దయానంద్. కానీ కాసేపు ఆమె చేతులకేసి చూసి, దాన్నే బిగించమన్నాడు.

ఎంపికలో రెండు పాయింట్లు తక్కువై అతనికి జట్టులో చోటు రాలేదు. ఆ సంగతి చెప్పడానికి తనే వచ్చాడు. ఓడినవాళ్ళు గాలిని తిడతారు, తూటాని తిడతారు, అన్నిటికంటే ముందు గొట్టాన్ని తిడతారు. ఇతను అలా అనలేదు.

"గొట్టం ఎటు చూపిస్తే గుండు అటే పోయిందమ్మా. చూపే తప్పింది. ఇగ నాకు అనుమానం లేదు," అన్నాడు. ఆ వారమే అతని స్నేహితుడు ఇంకో తుపాకి పట్టుకుని వచ్చి స్వరూపనే అడిగాడు.

నన్నిప్పుడు గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. ఆచారి నా నడుం మీద మళ్ళీ సున్నపు గీత గీశాడు. మళ్ళీ దసరా వచ్చింది, స్వరూప నన్ను తుడిచింది, గీతని వదిలి దాని చుట్టూ. రోజూ పని మొదలుపెట్టే ముందు నన్ను దించి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గుండు నెడుతుంది. గీత దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగుతుంది. ఈ రోజుకి వేళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. నన్ను మేకుకి తగిలించి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, పాప దగ్గరికి పోతుంది.